డిక్కీలో పుంటికూర

నా జీవితంలో నేను ఒకే ఒక్కసారి పంట కోశాను. అది కూడా పంట చేతికొచ్చిందని కాదు, పోలీసు వస్తున్నాడని! మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా ఆవిడ ముందు మాత్రం ఈ ఊసెత్తకండి.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి రెండేళ్లు. బుసైతీన్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో డ్రైవర్ని. ఆయన్ని ఇక్కడ కఫీల్ అంటారు. గేటు పక్కన నా గది, దాని వెనక గోడ వారగా కాస్త జాగా. సెలవుకు పోయి వచ్చేటప్పుడు మా ఆవిడ లావణ్య పుంటికూర విత్తనాలు కట్టిచ్చింది. మీరు గోంగూర అనేదాన్నే మా నిర్మల్ వైపు పుంటికూర అంటాం. ఆరు పెయింటు డబ్బాల్లో వాటిని చల్లాను. మొలకలు వచ్చిన రోజు నా హడావుడి చూడాలి! ఫోటో తీసి తుబ్లీ లేబర్ క్యాంపులో ఉండే మా ఊరి వాళ్లందరికీ పంపాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? పంట రాగానే ఒక శుక్రవారం అందరికీ దావత్ అని కూడా ప్రకటించాను. పదకొండు మంది!

ఇక రోజూ ఫోన్లే. క్యాంపులో మా అందరికీ పెద్దదిక్కు గంగాధరన్న.

"తమ్మీ, కోసినవా?"

"ఇంక లేతగున్నదన్నా."

"జానెడైంది గదరా?"

"మూరెడు కానియ్యన్నా. మస్తుగ అయితది."

నిజం చెప్పనా? ఎప్పుడు కోయాలో నాకు తెలియదు. ఊళ్లో ఉన్నన్నాళ్లు పుంటికూరతో నా పరిచయమంతా కంచంలోనే. వీడియో కాల్లో లావణ్య చెప్తూనే ఉంది.

"ఇంకెప్పుడు కోస్తవయ్యా? ముదిరితె అంత పీసే."

"నువ్వు ఊకో, నాకు తెల్వదా?"

మొక్కలు నడుము దాకా వచ్చాయి. మొదట్లో గుండ్రంగా ఉన్న ఆకులు ఐదు వేళ్లుగా చీలాయి. ఒక గురువారం గంగాధరన్న చూడ్డానికొచ్చి అడుగు దూరంలోనే ఆగిపోయాడు.

"గిదేందిరా, అచ్చం గంజాయి లెక్కనే ఉన్నది!"

"పుంటికూరన్నా!"

"నాకు తెల్సురా. ఈడోళ్లకు తెల్వాలె గదా? ఎవడన్న చూసి ఫోన్ కొడితె, జైలే ఇగ!"

నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. నవ్వు ఆయనకు, వణుకు నాకు. ఆయన అలా వెళ్లాడో లేదో కఫీల్ పిలిచి, నాకూ ఆయనకూ ఉమ్మడిగా వచ్చిన విరిగిన హిందీలో చెప్పాడు.

"రేపు మా అక్క కొడుకు భోజనానికొస్తున్నాడు. పోలీసు. పొద్దున మహూజ్ వెళ్లి తీసుకురా."

పోలీసు అన్న తర్వాత నాకింకేమీ వినపడలేదు. పరుగెత్తుకెళ్లి ఆరు డబ్బాల మొక్కల్నీ వేళ్లతో సహా పీకేశాను. పీకానే గానీ దాచేదెక్కడ? గదిలో పెడితే దొరికిపోతాను. చెత్తకుండీలో వేస్తే వీధంతా చూస్తుంది. పాత దుప్పట్లో మూట కట్టి, ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ తెరవని చోట పెట్టాను. కారు డిక్కీలో. అవును, ఏ కారులో పోలీసును తీసుకురావాలో ఆ కారే! నా తెలివి గురించి ఇంతకంటే చెప్పను.

పొద్దున మహూజ్‌లో ఆ పోలీసు మామూలు బట్టల్లో కిందికి దిగాడు. ఆరడుగుల మనిషి, చేతిలో పెద్ద కేకు డబ్బా.

"డిక్కీ తెరువు."

"సీట్లో పెట్టండి సార్! ఏసీ సార్! కేకుకు మంచిది సార్!"

నన్నొకసారి ఎగాదిగా చూసి తానే తెరిచాడు. మూటలోంచి ఐదు వేళ్ల ఆకు ఒకటి బయటికి వేలాడుతోంది.

"ఏంటిది?" మామూలుగానే అడిగాడు, పాపం.

"గాంజా నహీ సార్! గాంజా నహీ!"

చూశారా? ఆ మాట ఆయన అనలేదు. ఆయన మనసులో కూడా లేదు. ఆ వీధిలో ఆ పొద్దున గంజాయి పేరెత్తింది నేనొక్కణ్ణే!

ఆయన కేకు డబ్బా కింద పెట్టాడు. మొహం మారిపోయింది. ఖలాస్, ఉద్యోగం పోయినట్టే, జైలుకే ఇక అనుకున్నాను. ఏం చేయాలో తోచక గుప్పెడు ఆకులు నోట్లో కుక్కుకున్నాను. ముదిరిన పుంటికూర పచ్చిగా ఎప్పుడైనా నమిలారా? కళ్లు మూసుకుపోయాయి, దవడలు బిగుసుకున్నాయి. పులుపని చెప్పడానికి "ఖట్టా సార్" అనబోతే "ఖ" దగ్గరే మాట ఆగిపోయింది.

ఆయన ఒక ఆకు తెంపి, నలిపి, వాసన చూసి, కొసన కొరికాడు. ఒక కన్ను మూశాడు. ఆ తర్వాత రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా తోటలో బంగ్లాదేశ్ భాయ్ పెంచేది ఇదే! పప్పులో వేసి మాకూ పెడతాడు." అంతలోనే గంభీరంగా వేలు చూపించాడు. "వేళ్లతో ఎందుకు పీకావు? లేతగా ఉన్నప్పుడు కొసలు తుంచాలి, మళ్లీ చిగురేస్తుంది. ఇలా పీకడం నేరం."

ఆ సాయంత్రమే తుబ్లీలో దావత్. ఎంత ఉడికించినా పీచు పీచుగానే ఉంది. పదకొండు మందీ నములుతూనే ఉన్నారు.

"తమ్మీ," అన్నాడు గంగాధరన్న దవడ పట్టుకుని, "నువ్వు పెట్టింది కూర కాదురా, తాడు!"

ఆ సంగతి లావణ్య దాకా పోయింది.

"ఇగనన్న తెలిసిందా, ఎప్పుడు కొయ్యాల్నో?"

"తెలిసింది. లేతగున్నప్పుడు కొసలు తుంచాలె."

"అగో! ఎవలు చెప్పిండ్రు?"

"పోలీసాయన."

ఆమె ఎంతసేపు నవ్విందో చెప్పను. కాబట్టి పాఠకులారా, స్టీరింగ్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఎవరూ అనని మాటను ఇక జన్మలో కాదనను. అవే ఆరు డబ్బాల్లో మళ్లీ విత్తనాలు చల్లాను, మొలకల ఫోటో మొదట ఆ పోలీసుకే పంపాను. "పది రోజులు ఆగు" అని జవాబొచ్చింది. పోలీసు అనుమతి లేనిదే ఒక్క ఆకు కూడా తుంచను.