తెల్లదొర పుస్తకం, మా పెత్రమాస ఇస్తారి

నేను చెప్తుంటె నా బిడ్డ రాస్తున్నది. ఆమెను తిట్టిన కాడ జర మెత్తగ రాస్తదేమో, మీరు గట్టిగనే చదువుకోండ్రి.

మాది కేసముద్రం. మా ఆయన మార్కెట్ల హమాలి పని చేసెటోడు. షుగర్ బీమారి ముదిరి, పోయిన ఏడు సచ్చిపోయిండు. మాకు ఒక్కతే బిడ్డ. వరంగల్ల ఉండి పాతకాలం రాజుల చదువు చదువుతున్నది. ఇన్ని దేశాలుండంగ ఈమెకు ఈజిప్టు వచ్చి పడ్డది. ఎన్కట ఆ దేశపోళ్ళు ఏ దేవుళ్ళకు మొక్కిండ్రు, సచ్చిపోయినోళ్ళకు ఏం చేసిండ్రు, అది రాసుకరమ్మన్నడట వాళ్ళ సారు. దానికోసమని ఒక లావు పుస్తకం జిరాక్స్ తీపిచ్చుకొని ఇంటికొచ్చింది. తాతల కాలంల ఒక తెల్లదొర ఆడికి పోయి, గోరీలు తవ్విచ్చి రాసిన పుస్తకమది.

వచ్చింది పెత్రమాసకు. బతుకమ్మ మొదలయ్యే అమాసను మేము పెత్రమాస అంటం. పోయినోళ్ళకు ఇష్టమైనయన్ని వండి, ఇస్తారాకుల పెట్టి, జరసేపు తలుపు దగ్గరేస్తం. వాళ్ళు తిన్నంక మేం తింటం. మా ఆయనకు అది మొదటి పెత్రమాస. కొడుకు లేడు, బిడ్డే పెట్టాలె అని నేను మనసుల గట్టిగ అనుకున్న. కొడకండ్ల నుంచి మా బావ ఫోన్ చేసిండు. మా ఆయనకు అన్న అయితడు.

"ఆడిపిల్ల పెడితె సచ్చినోనికి ముడుతదా? మా పెద్దోన్ని తోలుకొస్త, వాడు పెడతడు తియ్" అన్నడు.

"మీ పెద్దోడు మా ఆయన బతికున్నప్పుడు ఒక్కనాడు చాయ తాపలే బావా. ఇప్పుడొచ్చి మటన్ పెడతడా? నా బిడ్డ పెడతది" అని ఫోన్ పెట్టేసిన.

పెట్టేసి బిడ్డ దిక్కు చూసిన. ఆమె పుస్తకంల నుంచి తల లేపి "నేను పెట్టనమ్మా" అన్నది.

"ఎందుకు పెట్టవే?"

"సచ్చినోళ్ళు తింటరా? ఇది ఎన్కటి మనుషుల భయం. సావంటె భయపడి గిట్ల చేసెటోళ్ళు. గీ పుస్తకంల ఉన్నది."

"ఏమున్నదో చదువు. నన్ను ఏమని తిట్టిండో నేను ఇనాలె గద."

ఆమె తెలుగుల చెప్పుకుంట పోయింది, నేను చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట ఇన్న. దొర ఏం రాసిండంటె, ఆ దేశపోళ్ళకు పొద్దుమాపు సావు మీదనే సోయి. చిన్నపిల్లల బుద్ధి. పిల్లికి మొక్కుతరు, మొసలికి మొక్కుతరు, ఆఖరుకు పేడపురుగుకు కూడ మొక్కుతరు. సచ్చినోనికి రొట్టె, ఉల్లిగడ్డ, కల్లు అసొంటిది పెడతరు.

"బిడ్డా, ఆ దొర తన కుక్కను ఏడ పండబెట్టుకునెటోడో రాసిండా?"

"అమ్మా!"

"మంచం మీద పండబెట్టుకొని మూతి నాకిచ్చుకునెటోడు, పిల్లికి దండం పెట్టెటోన్ని చూసి నవ్వుడేంది? ఇగ ఆ పేడపురుగు ముచ్చటేంది?"

"పురుగు పేడ ఉండను దొర్లిచ్చుకుంట పోతది గద. పొద్దును కూడ ఆకాశంల ఒక దేవుడు గట్లనే దొర్లిస్తడని అనుకున్నరట."

నాకు ఆ మాట మస్తు నచ్చింది. చెలకల వంగి పనిచేసినోడు అనుకునే మాట అది. దొర గొడుగు కింద కుర్చీల కూసున్నడు, ఆయనకు పురుగు కనపడ్డది గని పొద్దు కనపడలే. ఇంకో దొర ఉన్నడట. కాదుకాదు, వాళ్ళకు వందల దేవుళ్ళున్నా లోపల ఒక్కడే దేవుడు, మా దేవుని అసొంటోడే అని రాసిండట. తిట్టెటోడు తన దేవున్ని పట్టుకొనే తిట్టె, మెచ్చుకునెటోడు తన దేవున్ని పట్టుకొనే మెచ్చుకునె. ఆ దేశపోళ్ళను ఎవడన్న అడిగిండా అంటె, వాళ్ళు ఎప్పుడో సచ్చిపోయిండ్రాయె.

"దొర ఏడేడ తవ్విండు?" అని అడిగిన.

"ఎక్కువ గోరీలే. ఇండ్లు మట్టివి, నది పక్కపొంటి ఉండె, కరిగిపోయినయ్. గోరీలు రాళ్ళతోని ఎండల కట్టిండ్రు, నిలబడ్డయ్."

"బొందలగడ్డకాడికి పోయి చూసి, ఈ ఊరోళ్ళకు సావు తప్ప ఇంకో ముచ్చట లేదంటె ఎట్లనే? ఎవల గోరీలవి, కూలోళ్ళయా?"

"రాజులయి, పెద్ద పెద్ద ఆఫీసర్లయి."

"అదీ సంగతి. రేపు మన దిక్కు అంత మునిగిపోయి, మన ఊర్ల దొరల కోటలసొంటి గడీలు మిగిలినయనుకో. ఎవడో వచ్చి చూసి, ఈడ అందరు గడీలల్లనే ఉండిండ్రు, దొరకే మొక్కిండ్రు అని రాస్తడు. మా అత్త గడీల వడ్లు దంచుకుంట కడుపుల తిట్టిన తిట్లు ఎవడు తవ్వి తీయాలె?"

బిడ్డ మెచ్చుకుంటదనుకున్న. ఆమె ఏం మెచ్చుకోలే. "గిది నువ్వు కొత్తగ కనిపెట్టింది కాదమ్మా. ఇప్పటోళ్ళంత గిదే అంటున్నరు" అన్నది.

"మరి ఇంగ దీన్ని పట్టుకొని కూసున్నవేందే? పొయ్యిల పెట్టు, గారెలన్న కాలుతయ్."

అప్పుడు కోపమొచ్చింది ఆమెకు. కాయితాలు తిప్పి నా ముందట పరిచింది. గోడల మీది బొమ్మలు, ఎట్లున్నయో అట్లనే దొర చేత్తోని గీసుకున్నడట. "వీటిల కొన్ని గోడలు ఇప్పుడు లేవు. రంగు రాలిపోయింది, కొన్ని దొంగలు కోసుకపోయిండ్రు. ఈయన గీయకపోతె మనకు ఏం తెలువకపోవు" అన్నది.

చూస్తె నిజంగనే చూడబుద్ధయింది. ఒకడు ఎద్దు తొడ భుజం మీద పెట్టుకొని పోతున్నడు. ఒకడు బాతులను మెడలు పట్టుకొని పోతున్నడు. రొట్టెలు, ఉల్లిగడ్డల కట్టలు. ఒక దిక్కు ఆడోళ్ళు నెత్తిల దుమ్ము పోసుకుంట ఏడుస్తున్నరు. వాళ్ళ చేతుల ఏళ్ళు కూడ ఒక్కొక్కటి ఇడిసిపెట్టకుంట గీసిండు. నోరేమో అంత పాడుది, చెయ్యేమో ఇంత ఓపికది. ఒక్క మనిషికే ఇవి రెండు ఎట్ల ఉన్నయో నాకు అర్థం కాలే.

ఏడ్చే ఆమె మీద ఏలు పెట్టి "ఈమె అచ్చం నా అసొంటిదే" అన్న.

"గిదే తప్పమ్మా. దొర వాళ్ళను చూసి చిన్నపిల్లలనుకున్నడు, నువ్వు చూసి చుట్టాలనుకుంటున్నవ్. వాళ్ళకు వాళ్ళు ఏమనుకున్నరో ఇద్దరికీ ఫికర్ లేదు. వాళ్ళల్ల కొంతమంది కూలికొచ్చి ఏడ్చినోళ్ళు, తెలుసా?"

"మీ మేనత్త కూలి లేకుంటనే ఏడ్చింది. బతికున్నప్పుడు మీ నాయిన మొకం చూడలే" అన్న గని, బిడ్డ అన్న మాట నాకు తగిలింది. చుట్టాలు కానోళ్ళను చుట్టాలంటె వాళ్ళు ఒప్పుకుంటరో లేదో. మళ్ళ చిక్కుడుకాయలు అందుకున్న. మాటలల్ల ఆమే గెలిచింది. పెట్టను అన్న మాట మాత్రం అట్లనే ఉన్నది.

పెత్రమాస నాడు బావ వచ్చిండు, అన్నట్టే పెద్దోన్ని తోలుకొచ్చిండు. మటన్ వండిన, గారెలు చేసిన, చిక్కుడుకాయ కూర, బెల్లం పరమాన్నం. మా ఆయనకు పరమాన్నం అంటె పాణం. ఫోటో కింద ఇస్తారాకు ఏసిన. బిడ్డ గోడకు ఒరిగి చేతులు కట్టుకొని నిలబడ్డది.

బావ మెడ సాపి చూసి, "నేను చెప్పలే? ఈకాలపు పోరగాండ్లు గింతే. ఒరేయ్, కాళ్ళు కడుక్కోని రా" అని కొడుకును పిలిచిండు.

బతిమిలాడ బుద్ధి కాలే, తిట్టడానికి నోరు రాలే. ఊకె ఉండలేక గిన్నె దగ్గరికి గుంజుకొని పరమాన్నం ఒక గంటెడు ఇస్తార్ల ఏసిన.

"అమ్మా! ఏం పెడుతున్నవ్! నాయినకు షుగర్!"

బిడ్డ ఒక్క దుంకుల వచ్చి, ఏసిన పరమాన్నం చేత్తోని తీసేసింది.

దవాఖానోళ్ళు వద్దన్నప్పటి నుంచి ఆయన చాయల చక్కెర చూసింది ఈమె, సూదులేసింది ఈమె. అంగీ జేబుల దాసుకున్న బెల్లంముక్కలు దేవులాడి తీసింది ఈమె. ఆయన "నువ్వు బిడ్డవా, పోలీసువా" అనెటోడు. ఆ చెయ్యే లేసింది, చదువు దాన్ని ఆపేలోపే.

బావ పకపక నవ్విండు. "సచ్చినోనికి షుగర్ ఏందే?"

నేను మాత్రం ఊకుంటనా? "ఏ దొర రాసిండే, సచ్చినోళ్ళకు కూడ షుగర్ పెరుగుతదని? ఏ కాయితంల ఉన్నది, చూపెట్టు" అన్న.

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నది, చేతికున్న పరమాన్నం మొకానికి అంటింది. కడుక్కోని వచ్చి ఇస్తారి ముందట కూసున్నది. అన్నం పెట్టింది, మటన్ల మూలిగె బొక్క ఏరి పెట్టింది, గారెలు పెట్టింది. పరమాన్నం గంటె పట్టుకొని నా దిక్కు చూసి, "సగమే" అన్నది.

"సగమే పెట్టు."

దొర అక్కడుంటె దీన్ని ఏమని రాసెటోడో. భయమంటడు, మూఢనమ్మకమంటడు. ఎన్కట ఉల్లిగడ్డ పెట్టిన ఆడిది కూడ, నా మొగనికి ఇది అరుగుతదా లేదా అని ఇట్లనే కొట్లాడిందో ఏమో. బిడ్డ మళ్ళ చుట్టరికం కలుపుతున్నవంటది, ఆ మాట ఇక్కడికే ఇడిసిపెడుతున్న.

అందరం బయటికొచ్చినం, బిడ్డ తలుపు దగ్గరేసింది. బావ కొడుకు కాళ్ళు కడుక్కోని వచ్చి తడికాళ్ళతోని వాకిట్ల నిలబడ్డడు, వాన్ని ఎవ్వరు పిలువలే. కొంచెంసేపటికి బావకు ఆకలైనట్టున్నది, "ఇంగ తీయరాదే" అని తలుపు మీద చెయ్యేసిండు.

బిడ్డ అడ్డం నిలబడ్డది. "జర ఆగు పెదబాపు. నాయిన తింటున్నడు."