బేస్‌మెంట్‌లో బావగారి తాబేలు

మొన్న మే నెలలో, బెంటన్‌విల్‌లో మా అమ్మాయి నన్ను కూరగాయలకని కార్‌లో తీసుకెళ్తూ, వాన వెలిసిన రోడ్డు మీద ఉన్నట్టుండి పక్కకి తీసి ఆపింది. ఏమిటని అడిగేలోపే దిగి, రోడ్డు మధ్యలో పోతున్న చిన్న తాబేలుని రెండు చేతులా ఎత్తి, అది ఎటు నడుస్తోందో అటువైపు గడ్డిలో దింపి వచ్చింది. వెనక సీట్లోంచి మనవరాలు, "కెన్ వీ కీప్ ఇట్, అమ్మమ్మా?" అంది. జవాబు మా అమ్మాయే చెప్పింది. "వద్దు నాన్నా. బయట పుట్టినదాన్ని ఇంటికి తేకూడదు, ఇంట్లో పెరిగినదాన్ని బయట వదలకూడదు. పెదతాతయ్య రూల్." ఆ పెదతాతయ్య మా అక్క భర్త, నాకు బావగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మనవరాలు ఆయన్ని చూడనే లేదు.

ఎనభైల మొదట్లో నేను డెట్రాయిట్‌లో చదువుకుంటూ, ఫార్మింగ్టన్ హిల్స్‌లో అక్కావాళ్ళింట్లో బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. అక్క హాస్పిటల్‌లో నర్సు. బావగారు కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. ఇంట్లో కూడా టక్ చేసుకుని తిరిగే మనిషి, మాట తక్కువ. కార్లు అమ్ముడుపోక కంపెనీలు జనాన్ని తీసేస్తున్న ఆ రోజుల్లో ఆయన ఉద్యోగమూ పోయింది. సంగతి ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆదివారం సాయంత్రాలు మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడిక పెట్టుకునేవి. అక్కడ ఎవరైనా "ఆఫీస్ ఎలా ఉందండీ?" అంటే, "నడుస్తోందండీ" అనేవారు. ఉదయం యథాప్రకారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవారు. ఆ చొక్కా చూడలేక నేను బేస్‌మెంట్‌లోకి దిగిపోయేదాన్ని.

పక్కింటివాళ్ళకీ అదే గతి పట్టి, సామాను సర్దుకుని టెక్సస్ వెళ్ళిపోతూ, ఆ ఇంటావిడ ఒక గాజుతొట్టి తెచ్చి మా వంటింట్లో పెట్టింది. లెట్యూస్ ఆకు వేస్తే చాలు, దీంతో ఏ ఇబ్బందీ లేదు అని చెప్పింది. అందులో ఒక బాక్స్ టర్టిల్. ఇది నీళ్ళ తాబేలు కాదు, నేల మీద తిరిగేది. పొట్టకింది పెంకుకి తలుపు బందులాంటి మడత ఉంటుంది, భయమేస్తే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని మూసేసుకుంటుంది. నల్లటి డిప్ప మీద ఎవరో పసుపు రంగులో కుంచె విదిలించినట్టు గీతలు. చూడ్డానికి అందంగానే ఉంది గానీ కళ్ళు రెండూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. అక్క వంగి చూసి, "ఇది బతికేది కాదండీ" అంది. మర్నాడు బావగారు ఇస్త్రీ చొక్కాతోనే లైబ్రరీకి వెళ్ళారు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లు మాకు తెలియదన్నాక, ఊరవతల పొలాల మధ్య తాబేళ్ళని చూసే డాక్టరుని పట్టుకున్నారు. ఒట్టి లెట్యూస్ మీద పెంచడంవల్ల విటమిన్ లేక కళ్ళు వాచాయని చెప్పి, ఆయన ఇంజెక్షన్ ఇచ్చి పంపాడు.

ఆ తర్వాత మా బేస్‌మెంట్ నాది కాకుండా పోయింది. గాజుతొట్టి పోయి, చెక్కలతో కొట్టిన మంచమంత పెట్టె వచ్చింది. అడుగున తడిమట్టి, పైన ఎండుటాకులు, దాక్కోవడానికి దుంగముక్క, కాళ్ళు మునిగేంత నీళ్ళున్న పళ్ళెం. ఒక కొసన వేడికి దీపం, రెండో కొస చల్లగా. వేడి కావాలో చలవ కావాలో దానికే తెలుసు, మన పని రెండూ అందుబాటులో ఉంచడమే అనేవారు. నా చదువుబల్ల మాత్రం చల్లటి కొస వైపే మిగిలింది. రోజూ తాబేలుని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టేవారు. క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప, పుట్టగొడుగులు పెట్టేవారు. చలికాలం కదా, నేలలో వానపాములు దొరకవు. చేపల ఎరలమ్మే షాపులో డబ్బాతో కొని, ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన పెట్టారు. అక్క ఒకరోజు మూత తీసింది. "తాలింపులో వేసేదాన్నండీ, దేవుడు కాపాడాడు," అని, అప్పట్నుంచీ డబ్బాకి ఎర్రటి గుడ్డ కట్టింది. తాబేలుని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలన్న చట్టం మాత్రం అక్కదే. దానికి బావగారు కూడా ఎదురు చెప్పలేదు.

ఇంత చేసినా అది తినలేదు. కళ్ళు కనబడకపోతే తిండి ఉందని దానికి తెలియదట. బావగారు చిన్న స్టూలు వేసుకుని, పట్టకారుతో వానపాముని దాని మూతికి తాకిస్తూ కూర్చునేవారు. విసుక్కోవడం గానీ, నోరు బలవంతంగా తెరవబోవడం గానీ నేను చూడలేదు. చేతిలో నానాటికీ తేలికైపోతోందని ఒకసారి నాతో అన్నారు. ఆ ఆదివారం కూడిక మా ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అంశాలు చెప్పమని కూడిక నడిపించే పెద్దాయన అడిగితే, ఒకరు వీసా, ఒకరు కాన్పు చెప్పారు. ఎప్పుడూ తలొంచుకుని ఊరుకునే మా బావగారు గొంతు సవరించుకున్నారు.

"మా ఇంట్లో ఒక తాబేలుందండీ. కళ్ళు తెరవట్లేదు. దానికోసం ప్రార్థన చేయండి."

వెనక ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "తప్పకుండా చేద్దాం బాబూ. ఇంకేమైనా ఉందా?" అన్నారు.

బావగారు కార్పెట్ వంక చూస్తూ, "నాకు జాబ్ పోయిందండీ. నెలలవుతోంది," అన్నారు. అక్క ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చుంది. అప్పుడు పక్క కుర్చీలో ఉన్నాయన, ప్రతివారం ఆఫీస్ కబుర్లు చెప్పే మనిషి, "నాదీ పోయింది బ్రదర్" అన్నాడు. ఆ సాయంత్రం ప్రార్థన మామూలుకంటే చాలా పొడుగైంది.

తాబేలు కళ్ళు మర్నాడే తెరిచిందని చెబితే బాగుండును గానీ అలా జరగలేదు. మంచు కరుగుతుండగా ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తెరుచుకున్నాయి. బావగారు పట్టకారు చాపితే, మెడ చాపి, కాసేపు పరీక్షగా చూసి, వానపాముని గబుక్కున అందుకుంది. ఆయన కదలకుండా కూర్చుని, "అమ్మాయ్, అక్కని పిలు," అన్నారు. నేను పిలిచాను. అక్క యూనిఫాంలోనే మెట్లు దిగి వచ్చి, తాబేలుని చూడలేదు, ఆయన మొహమే చూస్తూ నిలబడింది.

వేసవిలో పెరట్లో నీడా ఎండా రెండూ ఉన్నచోట దానికి దడి కట్టారు. తవ్వుకుని పోకుండా వైరుని భూమిలోకి కూడా దించారు. ఉద్యోగం ఆ తర్వాతెప్పుడో వచ్చింది, ఇదివరకటికంటే చిన్నది. చేరిన రోజు ఉదయం ఆఫీస్ చొక్కా మీద తువ్వాలు కప్పుకుని తాబేలుకి నీళ్ళు మార్చి వెళ్ళారు. ఆ జాతి తాబేళ్ళు మనుషులంత కాలం బతుకుతాయట; ఆయన పోయినా అది ఇంకా ఉంది, ఇప్పుడా పని అక్క చేస్తోంది. మా బంధువుల్లో ఆ సంవత్సరం మాట వస్తే, పాపం, వృథాగా పోయిన ఏడాది అంటారు. ఆయన్ని నేను పూర్తిగా చూసింది ఆ ఏడాదే. తర్వాత బాగా గడిచిన ఏళ్ళన్నీ నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అదొక్కటే విడిగా మిగిలింది.