చల్లారిన బాయిలర్

1969, ఎండాకాలం మొదలు. బోధన్‌లో కమలమ్మ డాక్టరమ్మ దవాఖాన. ఉన్నవాళ్లు: బాపు, అవ్వ, డాక్టరమ్మ, నేను.

నిన్న వేల్పూర్ దారిలో ఎవరో చెరుకు రసం కాస్తున్నారు. ఆ పాకం వాసన తగలగానే ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి పాత డైరీ తీస్తే పై మాటలు కనిపించాయి. మిగతాది చూడకుండానే గుర్తుంది.

మా బాపు నర్సయ్య చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. చెరుకు పిప్పి దుమ్ముకు దమ్ము, అంటే ఉబ్బసం, పట్టుకుంది. ఆ ఏడు చెరుకు ఆడే క్రషింగ్ మొదలయ్యాక ఊపిరి అందని స్థితి వస్తే డాక్టరమ్మ స్టెరాయిడ్ గోలీలు ఇచ్చారు. "ఇది పెయ్యిల ఉప్పును పట్టి ఉంచుతది, పొటాషియం అనే ఇంకో లవణాన్ని బయటికి పంపుతది. ఉప్పు తగ్గించు, అరటిపండు తిను. నన్నడగకుండ మాత్రం ఆపకు" అన్నారు. నెలలు గడిచాయి. దమ్ము తగ్గింది, ముఖం గుండ్రంగా నిండింది. "ఫ్యాక్టరీ చక్కెరంత నువ్వే బుక్కుతున్నవా నర్సన్నా?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

సీజన్ ముగిసింది. ఫ్యాక్టరీ ఆగిన రోజే బాపు గోలీలూ ఆపేశాడు. దుమ్ము లేనప్పుడు మందెందుకని ఆయన లెక్క. నాలుగు రోజులకే వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడితే కూలబడేవాడు. ఎండదెబ్బ అనుకుని అవ్వ, అంటే మా అమ్మ, మజ్జిగ పట్టింది, అదీ డాక్టరమ్మ చెప్పారని ఉప్పు లేకుండా. బండిలో వేసుకుని దవాఖానకు చేరేసరికి పిలిస్తే పలకడం లేదు.

డాక్టరమ్మ బీపీ చూసి, అవ్వ వైపు తిరిగారు. "గోలీలు ఏస్కుంటుండా?"

"సీజన్ అయిపాయె గదమ్మా, ఇంకెందుకన్నడు."

డాక్టరమ్మ వెంటనే అదే జాతి మందును సూదితో ఇచ్చి సెలైన్ ఎక్కించారు. మేము బాపు ముఖమే చూస్తూ కూర్చున్నాం. పొద్దు వాలేవేళకు ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

డాక్టరమ్మ తిడతారనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని అడిగారు: "నర్సయ్యా, చల్లబడ్డ బాయిలర్‌కు ఒక్కసారే మంటంత పెడితే ఏమైతది?"

"పగుల్తదమ్మా. మెల్లగ కాగనియ్యాలె."

"కిడ్నీల నెత్తిమీద రెండు చిన్న గ్రంథులున్నయి. ఈ గోలీల అసొంటి మందు అవే తయారుజేస్తయి. తెల్లారకముందే, నువ్వు లేవకముందే పనిల దిగుతయి. నెలలకొద్ది మనం బయటినుంచి ఆవిరి ఇస్తే అవి చల్లారినయి. నువ్వు బయటి ఆవిరి గూడ ఒక్కనాడే బంద్ పెడితివి. ఇగ పెయ్యి దేనితోని నడుస్తది? అవి మళ్ల మెల్లగ కాగేదాక గోలీలు కొంచెం కొంచెమే తగ్గియ్యాలె."

"ఎంతుంటయమ్మా అవి?"

"బొటనవేలంత."

బాపు తన బొటనవేలిని ఎత్తి చాలాసేపు చూసుకున్నాడు. "గింత దానితోనే నిలబడ్డనా ఇన్నేండ్లు!"

గోలీలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పూర్తిగా మానేసరికి మళ్లీ క్రషింగ్ దగ్గరపడింది. తర్వాత నేను బడిపంతులునై, ఏ పాఠమైనా పిల్లవాడి ఇంట్లోవాళ్లు ఏం పని చేస్తారో అడిగాకే మొదలుపెట్టేవాణ్ని. అది ఆ స్టూలు దగ్గర నేర్చుకున్నదే. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ రాగానే, నాకంటే ముందు లేచిన ఆ రెండు గ్రంథులనూ తలచుకుంటాను.

దవాఖానలో ఆ మర్నాడు పొద్దున నేను చాయ్ తీసుకుని వెళ్లేసరికి బాపు గోడకానుకుని కూర్చున్నాడు. బాయిలర్ పక్కను తాకి వేడి చూసేవాడిలా, రెండు అరచేతులూ నడుముకు ఆనించి ఉన్నాడు. డాక్టరమ్మ చేతికిచ్చిన గోలీ మింగి ఆమెతో మెల్లగా అన్నాడు:

"ఇంకా చల్లగనే ఉన్నయమ్మా. మనం తొందరపెట్టొద్దు."