సదస్సుకు పోయిన బూడిద

తొంభైల్లో మా కోదాడ కాలేజీ స్టాఫ్‌రూమ్ బోర్డు మీద రాబోయే సదస్సుల సర్క్యులర్లు గుచ్చేవారు. మిగతా లెక్చరర్లు వాటిని చింపి, వెనక తెల్లగా ఉన్నవైపు మార్కులు కూడుకునేవారు. నేనొక్కణ్ణే చివరి తేదీలు రాసుకునే పిచ్చివాణ్ణి. ఒకసారి హైదరాబాదులో అతిసూక్ష్మ పదార్థాల మీద సదస్సని వచ్చింది. నానో అనే మాట నేను మొదట చదివింది అందులోనే. దానికి సరిపోయే పని నా చేతిలో ఉంది. వడ్ల ఊకను కాల్చి, ఆ బూడిద నుంచి సన్నటి సిలికా పొడి తీయాలని చూస్తున్నాను. మిర్యాలగూడలో ఏ మిల్లు వెనక చూసినా ఊక గుట్టలే, సరుక్కి కరువేముంది? చిక్కంతా రంగుతోనే. పొడి తెల్లగా రావాలి. ల్యాబ్ ఫర్నేసులో ఎంత వేడి పెంచినా బూడిద నల్లగానే దిగేది. నాదేమో మొండితనం, ఇంకా పెంచేవాణ్ణి.

మిర్యాలగూడలో అన్నావదినల ఇంట్లో ఉండి రోజూ బస్సులో కోదాడకు తిరిగేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది వదినే. ఆమెది ఊక పొయ్యి. నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, మెల్లగా సీసా లాగేసి, ఆ బొక్కలో నిప్పు రాజేసేది. ఒక పొద్దున ఆమె అంట్లు తోముతుంటే చూశాను. ఆమె చేతిలో బూడిద తెల్లగా ఉంది.

"గిదెట్ల తెల్లగైంది వదినా?"

"ఊదొద్దు, కెలకొద్దు. సన్నగ దానంతట అదే కాలాలె. నువ్వు ఆగమాగం జేస్తున్నవ్ గావచ్చు," అంది.

నిజంగానే ఆగమాగం చేస్తున్నాను. వేడి తగ్గించి రోజంతా ముట్టుకోకుండా వదిలేస్తే బూడిద తెల్లగా వచ్చింది. వ్యాసం రాసి, సూర్యాపేటలో టైపు చేయించి పంపాను. రమ్మని ఉత్తరం వచ్చింది.

చదివి వినిపిస్తే వదిన మొహం విప్పారింది. "నేను గూడ వస్త బిడ్డా. ఎనక కూసుంట. గంత సదువుకున్నోళ్లు మన పొయ్యి బూడిదను ఏమంటరో జర ఇనాలనున్నది." ఏడో తరగతిలో తనను బడి మాన్పించిన సంగతి ఆమె అప్పటికీ బాధగా చెప్పేది. అన్నకు రెండు పూటలా అన్నం పెట్టమని పక్కింటావిడకు చెప్పి పెట్టుకుంది. పెళ్లిళ్లకు కట్టే చీర ఇస్త్రీకిచ్చింది.

నాకు సిగ్గేసింది. దాచుకోవడమెందుకు, ఆమె ఆ పెద్దవాళ్ల ముందు మా పొయ్యి సంగతి ఎత్తుతుందని భయపడ్డాను. ప్రయాణం ముందురోజు అబద్ధమాడాను.

"గా సదస్సుకు ఆడోళ్లను రానియ్యరంట వదినా."

"అట్లనా. అయితే మంచిగ చెప్పిరా," అని చీర పెట్టెలో పెట్టేసింది.

సదస్సులో ఒక ప్రొఫెసర్, ఇంత తెల్లగా ఎలా వచ్చిందని అడిగాడు. ఎన్నో ప్రయోగాల తర్వాత నాకే తట్టిందన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో!

కొన్నాళ్లకు సదస్సు గ్రూపు ఫొటో పోస్టులో వచ్చింది. నేను కాలేజీలో ఉన్నాను, కవరు వదినే విప్పింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఫొటో రేడియోకు ఆనించి ఉంది. నాకు కంచం పెట్టి అన్నం వడ్డిస్తూ, "ముందు వరుసల ఆడోళ్లు కూసున్నరు గద," అంది.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. "తప్పయింది వదినా," అన్నాను.

"తిను. సల్లారిపోతది."

తర్వాత ఇంకో సదస్సు సర్క్యులర్ వచ్చింది. ఈసారి వ్యాసం మొదట్లోనే, ఈ పద్ధతి మా వదినదని రాసి ఆమె పేరు టైపు చేయించాను. కాగితం తెచ్చి ఆ పేరు చూపించాను. ఇద్దరికీ టికెట్లు తీశానని, రాకపోతే నేనూ పోనని చెప్పాను. ఆమె చేయి తుడుచుకుని ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"అప్పుడు రావాలని మస్తు మనసైంది బిడ్డా. ఇప్పుడు అయితలేదు. నువ్వు పోయిరా," అని కాగితం నా చేతికిచ్చేసింది.

ఆ గొంతులో కోపం లేదు. రవ్వంత ఉన్నా కాళ్లావేళ్లా పడి బతిమాలేవాణ్ణి.