నుసుములు చెప్పిన చిరునామా

మా మామ తొక్తర్‌కు డెబ్బై మూడేళ్ళు. కళ్ళు మసకబారి మూడేళ్ళయింది. గిన్నెలో టీ ఉందో లేదో వేలు ముంచి చూసుకుంటాడు గానీ, ఇలీ నదిలో చేప ఎక్కడుందో ఊరందరికంటే ముందు చెబుతాడు. గాలి పడిపోయిన సాయంత్రాలు పడవలో కూర్చుని నీళ్ళమీద దోమల్లా ముసిరే నుసుముల రొద వింటాడు. అంతే ఆయన విద్య.

నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే ఆల్చిప్ప ఒకటి విప్పి చూపించాడు. మాంసం మడతలో సన్నటి ఎర్ర పురుగు. చిప్ప నీళ్ళు పీల్చినప్పుడల్లా దానికీ ఇంత తిండి, పైన గట్టి కప్పు.

"రెక్కలొచ్చే వేళకు నీళ్ళ మీదికొచ్చి నుసుమవుతుందే కుల్యాష్. నుసుములు లేచినచోట కింద ఆల్చిప్పలు. ఆల్చిప్పలున్నచోట వాటిని తినే బంగారు తీగ చేప. అద్దెకున్నవాడు ఇంటాయన చిరునామా చెప్పడూ?" అన్నాడు.

మొన్న వేసవిలో మా ఆడపడుచు అత్తమామలు వచ్చారు. వియ్యంకుడు సాపర్‌బెక్ గొర్రెల మనిషి, నోటికి తాళం లేదు.

"కళ్ళు లేనివాడికి పడవెందుకు బావా? మా గొర్రెలైతే అరిచి మరీ జాడ చెబుతాయి. వచ్చెయ్!" అన్నాడు.

మామకు రోషం పొడుచుకొచ్చింది. "ఈ పూట నేను చూపినచోట చేప పడకపోతే మళ్ళీ పడవెక్కను!"

పడవ దిగితే ఆయన మంచం ఎక్కుతాడు. నాకు తెలుసు.

మామ, మా ఆయన దార్మెన్, సాపర్‌బెక్ పడవెక్కారు. నేను ఒడ్డున దుప్పటి పరిచి వియ్యపురాలికి టీ పోశాను. నుసుములు కుట్టవు గానీ కళ్ళలో, ముక్కులో, టీలో ఎక్కడపడితే అక్కడ పడతాయి. చుట్టాల్ని పురుగుల్లో కూర్చోబెట్టడం మా వైపు ఎంత తలవంపులో! పిడకలు, పచ్చి రెల్లు వేసి దట్టంగా పొగ పెట్టాను. పొగ నీళ్ళమీద చాపలా పరుచుకుంది.

పడవ కదలకుండా నిలబడింది. మామ చెవి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎటూ చెయ్యి చూపలేదు.

"నుసుములక్కూడా నీ మీద నమ్మకం పోయింది బావా!" అని సాపర్‌బెక్ నవ్వాడు. దార్మెన్ మెల్లగా పడవ ఒడ్డుకు తిప్పబోయాడు.

అప్పుడు వెలిగింది నాకు, నుసుములు లేవనిది నా పొగకేనని. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మరుగుతున్న టీ నీళ్ళన్నీ పొగ మీద గుమ్మరించాను.

"అయ్యో, ఇదేం మర్యాదే పిల్లా?" అంది వియ్యపురాలు.

"మర్యాద తర్వాత పిన్నిగారూ! ముందు నోరు మూసుకోండి, పురుగులు దూరతాయి!"

పాపం, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి పొగ విరిగింది. రెల్లు పొదల అవతల నీళ్ళమీద సన్నగా రొద మొదలైంది. మామ చెయ్యి పైకి లేచింది.

"ఎడమకు, ఇరవై తెడ్ల దూరం. వల వెయ్యరా!"

మూడు బంగారు తీగలు పడ్డాయి. ఒకటి సాపర్‌బెక్ చెయ్యంత పొడుగు. గడ్డం నిండా నుసుములతో దిగిన ఆ మహానుభావుడు, రాత్రి భోజనంలో గౌరవంగా అతిథికే పెట్టే చేప తలను తన చేత్తో మామ పళ్ళెంలో వేశాడు.

చుట్టాలు పడుకున్నాక, "పొగ నేనే పెట్టాను మామయ్యా, తప్పైపోయింది" అన్నాను.

"తెలుసులేవే. కళ్ళు పోయాయి గానీ ముక్కు పోయిందా?"

"మరి ఆర్పమని ఒక్క కేక వెయ్యకపోయారా?"

"చుట్టాల ముందు కోడలి మీద కేకలా?" అన్నాడు మామ, చేతులు తుడుచుకుంటూ. "పడవ పోతే పోయేది."

నాకు ఏడుపొచ్చింది. పొగ వల్లే అన్నాను.