నౌపడ కాశ్మీరులో నా తట్ట

కాశ్మీరు మొహం చూడకుండానే కాశ్మీరును పాడుచేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనున్నాను. పైగా నేను పాడుచేసింది ఒక్క కాశ్మీరునే కాదు. ఒక పంజాబీ సినిమా డైరెక్టరుగారి ఆఖరి రీలును, దానితోపాటు నా బొంబాయి ప్రయాణాన్ని కూడా.

అరవైల చివరి మాట. విజయనగరంలో చదువు అయిందనిపించి, నౌపడలో ఉప్పు మడుల మేస్త్రీ అయిన మా మావయ్య ఇంట్లో తిండి దండగ చేస్తున్నాను. ఆ వేసవిలో బొంబాయి నుంచి ఒక సర్దార్జీ దిగారు. అంతకుముందు ఆయన తీసిన రెండు ఏడుపు సినిమాలకూ జనం రాక, హాలువాళ్లే కూర్చుని ఏడ్చారట. మూడోది కూడా ఏడుపే. అందులో మంచుకొండల మీద ఒక పాట ఉంది. కాశ్మీరు వెళ్లే స్తోమతు లేదు. ఎప్పుడో రైల్లో పోతూ మా ఉప్పు కుప్పల్ని చూసిన సంగతి గుర్తొచ్చి, కెమెరాతో సహా వచ్చేశారు. హీరోయిన్ సొంత కూతురు. హీరో కాబోయే అల్లుడు. సినిమా పూర్తికాగానే పెళ్లి.

నాకు హిందీ వచ్చు కాబట్టి ఆయనకు నోరూ చెవీ నేనే.

"పని నచ్చితే నిన్ను బొంబాయి తీసుకుపోతాను బేటా. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. కెమెరా ముందుకు ఈగ కూడా రాకూడదు" అన్నారు.

ఇంకేముంది! నేలమీద గీత గీసి, కర్ర పట్టుకుని, కోట కాపలావాడిలా నిలబడ్డాను. గీతకు ఇవతల ఉప్పు మోసే ఆడవాళ్లంతా చేరారు. వాళ్లకు పెద్ద నూకాలమ్మ పిన్ని.

"ఒరే, ఈ ఎండలో ఆ కుర్రోడికి ఆ బొచ్చుకోటేటిరా?"

"సలి పిన్నీ. అక్కడ మంచు కురుస్తన్నాది."

"సెమట కారతన్నాది కదరా!"

"నోరు మూసుకుని సూడు పిన్నీ. గీత దాటితే నువ్వని కూడా సూడను."

పాటలో హీరో వంగి, దోసెడు మంచు తీసి, హీరోయిన్ చేతుల్లో పోస్తాడు. ఆమె వణుకుతుంది. చేతులు మండుతాయని రిహార్సల్ అంతా ఉత్త చేతులతోనే కానిచ్చారు. అందుకే మాకెవరికీ ఏ అనుమానమూ రాలేదు.

"మిగిలింది ఒక్క రీలే. ఒక్కసారే తీస్తాం" అన్నారు సర్దార్జీ. ముడి ఫిలిం దొరకడం గగనమైన రోజులవి.

కెమెరా తిరిగింది. పాట మోగింది. హీరో వంగి దోసెడు తీశాడు. పంజాబీలకు అది మంచేనేమో గానీ, మాకు మాత్రం ఉప్పు! ఉప్పును మా వైపు చేతిలోంచి చేతిలోకి ఇవ్వరండి. కింద పెడితే రెండోవాళ్లు తీసుకోవాలి. చేతికిచ్చారా, ఆ ఇద్దరికీ పోట్లాట తప్పదు. మా అమ్మ అయితే కన్నకొడుకునైన నాకు కూడా ఎప్పుడూ చేతికివ్వలేదు.

"ఒరే, ఉప్పు సేతికిచ్చేస్తన్నాడ్రా!" నూకాలమ్మ పిన్ని కేక పెట్టింది. "పెళ్లి కావలసిన పిల్లలు! తగూలొచ్చేస్తాయి. ఆపరా!"

అది ఉప్పు కాదు, మంచు అని నాకు నేను హిందీలో నచ్చజెప్పుకున్నాను. కానీ నా కాళ్లకు హిందీ రాదు. పిన్ని చేతిలోని తట్ట లాక్కుని, లుంగీ ఎగ్గట్టి, నేను గీసిన గీతను నేనే దాటి, ఒక్క గెంతులో కాశ్మీరులో పడ్డాను. ఇద్దరి మధ్యా తట్ట పట్టాను.

"ఇందులో పొయ్యి బావా! ఆవిడే తీసుకుంటాది!"

బెదిరిపోయిన హీరో తట్టలో పోసేశాడు. హీరోయిన్ బుద్ధిగా అందులోంచి తీసుకుని వణికింది. రీలు అయిపోయింది.

సర్దార్జీ ఉప్పు కుప్ప మీద చతికిలబడ్డారు. నేను తల వంచుకుని కారణం చెప్పాను.

"నా కూతురి కాపురం కోసమా?"

"అవునండీ."

ఆయన లేచి బట్టలకంటిన ఉప్పు దులుపుకున్నారు. "నీది మంచి మనసు బేటా. దాన్ని నౌపడలోనే ఉంచుకో" అన్నారు. మర్నాటి రైల్లో నా బొంబాయి నన్ను వదిలేసి వెళ్లిపోయింది.

"పోన్లేరా, పిల్లలు సల్లగుంటారు" అని నూకాలమ్మ పిన్ని ఒక్కతే ఓదార్చింది. మావయ్య అయితే నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. మా ఇద్దరికీ ఉప్పు ఎవరు చేతికిచ్చారో మరి!

తర్వాత నాకు ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగమొచ్చింది. ఒక ఆదివారం ఉదయం అక్కడ ఆ సినిమానే వేశారు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చివరి వరసలో నక్కాను. గంటసేపు హాల్లో ఆవలింతలు, దగ్గులు. అంతలో కాశ్మీరు వచ్చింది. మంచుకొండల్లోంచి లుంగీ కట్టిన బక్కమనిషి ఒకడు తట్టతో కప్పలా గెంతాడు.  హాలంతా ఈలలు! ఆ రీలు మళ్లీ వేసేదాకా ఊరుకోలేదు. పక్కనున్న పెద్దమనిషి నవ్వలేక నా తొడ మీద చరిచి చరిచి వాచేలా చేశాడు.

ఆ సర్దార్జీ మళ్లీ ఏడుపు సినిమా తియ్యలేదు. తీసినవన్నీ నవ్వుల సినిమాలే, అన్నీ ఆడాయి. ప్రతిదాంట్లోనూ ప్రేమికుల మధ్యకు ఎవడో ఒకడు గొడుగునో, బిందెనో, మేకపిల్లనో పట్టుకుని దూకుతాడట. కూతురూ అల్లుడూ చక్కగా కాపురం చేసుకుంటున్నారని కూడా విన్నాను.

అయినా తప్పు తప్పే. ఆ పెద్దాయన ముఖంలో ఆనాడు ఆరిపోయిన వెలుగు నాకిప్పటికీ గుర్తే. అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రేమజంట మధ్యకూ, ఎంతటి ఆపద ముంచుకొచ్చినా, తట్టతో దూకను గాక దూకను.

మీరు మాత్రం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఉప్పు నా చేతికివ్వకండి. అక్కడ పెట్టండి, నేను తీసుకుంటాను.