చెల్లె పాడే జాగ

దోస్తు ఊరు చూద్దామని నారాయణఖేడ్ వచ్చి, ఈ సాయంత్రం జానపద పాటల కచేరీకి వెళ్లాను. పాడే ముసలమ్మ ప్రతి చరణం తర్వాత తాళాలు మాత్రం వాయిస్తూ ఆగుతోంది. వంత పాడేవాళ్లు లేరు కాబోలని, కళాసేవ చేద్దామని ముందు వరుసలోంచి గొంతెత్తాను.

ఆమె పాట ఆపేసింది.

"ఏంది బిడ్డా, గట్ల జొరబడ్తున్నవ్? గది మా చెల్లె పాడే జాగ."

"ఆమె రాలేదా అవ్వా?"

"పోయిన నెల సచ్చిపోయింది. జర సప్పుడు చెయ్యకు, నాకు ఇనవడ్తలేదు."

ఆ తర్వాత ఆమె ఆగినప్పుడల్లా నేనూ చెవులు రిక్కించాను. తాళాలే వినిపించాయి. ఆమె మాత్రం తలూపుతూనే ఉంది.

నా నోరు మూయించడం కాలేజీలో ఏ సారు వల్లా కాలేదు. మీ నోరు ఎవరు మూయించారో చెప్పండి, నా ఏడుపుకు తోడు కావాలి.